గుల్లల కోట: ఎవరికి రక్ష, ఎవరికి చెర

గోడకి ముఖం దగ్గరగా పెట్టి చూసి మా అమ్మ అన్న మొదటి మాట: "ఇది రాయి కాదురా, గుల్లలు."

అమ్మ బందరు మనిషి. తన చిన్నతనంలో వాళ్ళ వీధి చివర గుల్లలు కాల్చి సున్నం చేసే బట్టీ ఉండేదట. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్‌లో, 1672లో కట్టడం మొదలుపెట్టిన ఒక స్పానిష్ కోట ముందు నిలబడి ఆవిడ ఆ బట్టీని గుర్తు చేసుకుంది. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. గోడలో రాయీ గుల్లలే, రాళ్ళని అతికిన సున్నమూ గుల్లల్ని కాల్చి తీసిందే.

కోట పేరు కాస్టియో డి సాన్ మార్కోస్. జాక్సన్‌విల్‌లో ఉండే మాకు కారులో గంట దూరం, అందుకని ఇంటికి ఎవరొచ్చినా అక్కడికి తీసుకెళ్తాం. మిద్దె మీద ఫిరంగుల పక్కన ఫోటోలు దిగి, ఊళ్ళో ఐస్‌క్రీం తిని వచ్చేస్తాం. నేను ఐదారుసార్లు అలాగే వచ్చాను. ఈసారి అమ్మ ప్రతి బోర్డూ చదివించుకుంది. ఇంగ్లిష్ వలసల నుంచి పారిపోయి వచ్చిన ఆఫ్రికన్ బానిసలకి ఇక్కడ స్వేచ్ఛ దొరికిందని ఒకచోట చదివాను. ఇంకోచోట, సంకెళ్ళతో తెచ్చిన అమెరికా ఆదివాసుల్ని ఇక్కడే బంధించారని చదివాను. "ఒకటే కోట కదా, ఒకళ్ళకి ఆశ్రయం ఎలా అయింది, ఇంకొకళ్ళకి జైలు ఎలా అయింది?" అని అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికొచ్చాక చాలా రోజులు ఆ చిక్కుతోనే కూర్చున్నాను. విడిపోయినంతవరకూ ఇక్కడ చెబుతాను.

ముందు అసలు ఇక్కడ కోట ఎందుకు? ఫ్లోరిడాలో స్పెయిన్‌కి బంగారం దొరకలేదు, వెండి దొరకలేదు. నేల ఇసుక, పంటలు అంతంతమాత్రం. అయినా రెండు శతాబ్దాలు పట్టుకు వేలాడింది. కారణం భూమి మీద లేదు, సముద్రంలో ఉంది. మెక్సికో, పెరూ గనుల వెండి మోసుకెళ్ళే స్పానిష్ ఓడలు హవానాలో జమకూడి, గల్ఫ్ స్ట్రీమ్ అనే బలమైన సముద్ర ప్రవాహం ఎక్కి, ఫ్లోరిడా తీరం వెంబడే ఉత్తరానికి వెళ్ళి, అక్కడినుంచి యూరప్ వైపు తిరిగేవి. ఆ దారి పక్కన శత్రువు రేవు ఒకటి వెలిసిందంటే వెండి ఇల్లు చేరదు. 1564లో ఫ్రెంచివాళ్ళు ఇప్పటి మా జాక్సన్‌విల్ దగ్గరే ఒక కోట కట్టుకున్నారు. మరుసటి ఏడు స్పెయిన్ రాజు పంపిన పేద్రో మెనెండెజ్ వచ్చి, 1565 సెప్టెంబర్ 8న సెయింట్ అగస్టీన్ స్థాపించి, రెండు వారాల్లోపే ఆ కోట పట్టుకున్నాడు. తుపానులో ఓడలు పగిలి దక్షిణాన ఒడ్డుకి చేరిన ఫ్రెంచివాళ్ళు లొంగిపోతే, కొద్దిమందిని తప్ప అందరినీ చంపించాడు. స్పానిష్‌లో 'మటాన్సాస్' అంటే నరమేధాలు. కోట ముందు పడవలు తేలుతుండే ఆ నీటి పేరు ఇప్పటికీ మటాన్సాస్ బే.

ఆ తర్వాత నూరేళ్ళలో స్పానిష్ వాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తొమ్మిది కోటలు కట్టారు. అన్నీ కర్రవే. కొన్ని చెమ్మకి కుళ్ళాయి, కొన్ని తుపానుకి పోయాయి. 1586లో ఇంగ్లిష్ నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఊరినీ కోటనీ కలిపి తగలబెట్టాడు. 1668లో రాబర్ట్ సెర్ల్ అనే సముద్రపు దొంగ అర్ధరాత్రి ఊరి మీద పడి దోచుకుని, కనిపించినవాళ్ళని చంపాడు. రెండేళ్ళకి ఇంగ్లిష్ వాళ్ళు ఉత్తరాన కరోలినాలో చార్లెస్‌టౌన్ కట్టుకున్నారు. ఇక కర్రతో కుదరదని స్పెయిన్‌కి అర్థమైంది. రాణి మరియానా రాతికోటకి డబ్బు మంజూరు చేసింది, ఆ డబ్బు మెక్సికో ఖజానా నుంచి రావాలి. హవానా నుంచి ఇగ్నాసియో దాసా అనే ఇంజనీర్ వచ్చాడు. 1672 అక్టోబర్‌లో పని మొదలైంది. 1695లో గోడలు పూర్తయ్యాయి. దాసా మాత్రం పని మొదలైన కొన్ని నెలలకే చనిపోయాడు.

రాయి సంగతికి వస్తే, నీటికి అవతల అనస్టేషియా అనే దీవి ఉంది. వేల ఏళ్ళుగా అక్కడ ఒడ్డుకి కొట్టుకొచ్చిన గోరంత గుల్లలు ఇసుకతో కలిసి, వాననీటికి కరిగిన సున్నంతో ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడ్డాయి. స్పానిష్ వాళ్ళు దాన్ని కోకినా అన్నారు, చిన్న గుల్ల అని అర్థం. భూమిలోంచి తీసినప్పుడు తడిగా, మెత్తగా ఉంటుంది. గొడ్డలితో చెక్కొచ్చు. చాలాకాలం గాలికి ఆరబెడితేగానీ కట్టుబడికి పనికిరాదు. ఇది మంచి రాయి అని ఎంచి తెచ్చుకున్నది కాదు. ఆ తీరంలో వేరే రాయి దొరకలేదు. ఫిరంగి గుండు తగిలితే ఈ గుల్లల ముద్ద ఏమవుతుందో కట్టేవాళ్ళకి తెలియదు.

గోల్కొండ, కొండపల్లి చూసిన కళ్ళకి ఈ కోట చిన్నగా, పొట్టిగా అనిపిస్తుంది. మన కోటలు కొండెక్కి కూర్చుంటాయి. ఇది నేలకి అణిగి ఉంటుంది, ఎందుకంటే ఫిరంగులు వచ్చాక ఎత్తైన గోడ శత్రువుకి సులువైన గురి. నాలుగు మూలలా బల్లెం మొనల్లా పొడుచుకొచ్చిన నాలుగు బురుజులు. ఒక బురుజు మీద నిలబడితే పక్క బురుజు గోడ మొదలుదాకా కనిపిస్తుంది, గోడ కిందికి చేరి దాక్కునే మూల ఎక్కడా ఉండదు. చుట్టూ అగడ్త. దాన్ని చాలావరకు పొడిగానే ఉంచి, ముట్టడి రోజుల్లో పశువుల్ని అందులోకి తోలేవాళ్ళు. ఇప్పుడు బూడిద రంగులో నల్లబడి కనిపించే గోడలకి ఆ రోజుల్లో తెల్లటి సున్నపు పూత ఉండేది, కావలి గూళ్ళకి ఎరుపు. సముద్రం మీద నుంచి వచ్చేవాడికి చాలా దూరం నుంచే స్పెయిన్ రంగులు కనపడాలి.

ఇదంతా ఎవరి చేతుల మీద లేచింది? స్పానిష్ వాళ్ళు అప్పటికే టిముకువా, అపలాచీ, గ్వాలే అనే ఆదివాసీ జాతుల ఊళ్ళలో క్రైస్తవ మఠాలు పెట్టారు. ఒక్కో ఊరి నుంచి వంతుల వారీగా ఇంతమంది మగవాళ్ళు పనికి రావాలని ఏర్పాటు. అపలాచీ వాళ్ళు ఇప్పటి టలహాసీ ప్రాంతం నుంచి దాదాపు రెండు వందల మైళ్ళు నడిచి వచ్చేవాళ్ళు. రోజుకి ఒక రియాల్ (అప్పటి స్పానిష్ వెండి నాణెం) కూలీ, తినడానికి మొక్కజొన్న అని లెక్కల్లో ఉంటుంది. రానని చెప్పే హక్కు మాత్రం లేదు. కూలీ ఇచ్చినా నేను దాన్ని వెట్టి అనే అంటాను. వాళ్ళతోపాటు స్పెయిన్ రాజుకి చెందిన ఆఫ్రికన్ బానిసలు, మెక్సికో నుంచి పంపిన ఖైదీలు, పట్టుబడ్డ ఇంగ్లిష్ వాళ్ళు కొందరు, హవానా నుంచి తెచ్చిన తాపీ పనివాళ్ళు, సున్నం కాల్చేవాళ్ళు. దీవిలో రాయి కోసి, ఎడ్లబళ్ళ మీద నీటిదాకా లాగి, పడవల్లో ఇవతలకి దాటించి, ఇరవై మూడేళ్ళు.

గోడకి పరీక్ష 1702లో వచ్చింది. కరోలినా గవర్నర్ జేమ్స్ మూర్ సైన్యంతో ఊరిని పట్టుకున్నాడు. ఊరి జనం, సైనికులు కలిసి దాదాపు పదిహేను వందల మంది కోటలో తలదాచుకున్నారు. ఏడు వారాలకు పైగా ముట్టడి. మూర్ ఫిరంగి గుండ్లు తగిలినచోట రాయి పగల్లేదు. గుల్లల మధ్య సందులెక్కువ కాబట్టి దెబ్బ పడ్డచోట అది లోపలికి నలిగి అణిగింది, గుండు అక్కడే దిగబడింది. పెచ్చులు లేచి రాలలేదు, బీట పక్కకి పాకలేదు. తడి బంకమట్టిలోకి విసిరిన రాయిని తలుచుకుంటే ఈ పని అర్థమవుతుంది. చివరికి హవానా నుంచి ఓడలు రావడంతో మూర్ ఊరిని తగలబెట్టి వెళ్ళిపోయాడు. 1740లో జార్జియా అనే ఇంకో ఇంగ్లిష్ వలస నుంచి దాని స్థాపకుడు జేమ్స్ ఒగిల్‌థోర్ప్ వచ్చాడు. 27 రోజులు గుండ్ల వాన కురిపించాడు. అప్పుడూ గోడ నిలిచింది.

ఈ రెండు ముట్టడుల్నీ గెలుపు కథలుగానే చెప్పుకుంటారు. నాకు మాత్రం 1702 తర్వాత జరిగిందే ఎక్కువ గుర్తుండిపోయింది. కోట మీద ఓడిపోయిన మూర్ 1704లో మళ్ళీ వచ్చాడు, ఈసారి కోట జోలికి రాకుండా పడమటన ఉన్న అపలాచీ ఊళ్ళ మీద పడ్డాడు. ఆ ఊళ్ళకి రాతిగోడ లేదు. ఊళ్ళు కాలిపోయాయి. వందల కొద్దీ మనుషుల్ని పట్టుకుపోయి కరోలినాలో బానిసలుగా అమ్మారు. కొన్నేళ్ళలోనే ఫ్లోరిడా మఠాల ఊళ్ళు దాదాపు లేకుండా పోయాయి. ఎవరి తండ్రులూ తాతలూ రెండు వందల మైళ్ళు నడిచి వచ్చి ఆ గోడ కట్టారో, ఆపద వచ్చిన రోజున వాళ్ళకి ఆ గోడ అందనంత దూరంలో ఉండిపోయింది. అమ్మ ప్రశ్నకి జవాబు ఇక్కడే మొదలవుతుందని నాకు అనిపించింది.

ఇక స్వేచ్ఛ సంగతి. 1687లో కరోలినా నుంచి ఎనిమిది మంది మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, ఒక పసిబిడ్డ పడవలో తప్పించుకుని సెయింట్ అగస్టీన్ చేరారు. మగవాళ్ళని ఈ కోట పనిలోనే పెట్టారు. యజమానులు వెనక్కి పంపమన్నా గవర్నర్ పంపలేదు. 1693లో స్పెయిన్ రాజు రెండో కార్లోస్, ఇంగ్లిష్ వలసల నుంచి పారిపోయి వచ్చి కాథలిక్ మతం తీసుకున్నవాళ్ళకి స్వేచ్ఛ ఇస్తామని ఆజ్ఞ జారీ చేశాడు. ఇది చదివి స్పెయిన్ బానిసత్వానికి వ్యతిరేకమని అనుకుంటే పొరపాటు. అదే ఊళ్ళో స్పానిష్ ఇళ్ళలో బానిసలు ఉన్నారు. లెక్క వేరే. కరోలినా సంపద అంతా వరి పొలాల్లో బానిసల చాకిరీ మీద నిలబడింది. ఒక మనిషి అక్కడినుంచి పారిపోతే శత్రువుకి ఒక చెయ్యి తగ్గుతుంది, తనకి ఒక సైనికుడు పెరుగుతాడు. తుపాకి పేల్చకుండా చేసే యుద్ధం అది.

అంతమాత్రాన ఆ స్వేచ్ఛ ఉత్తదని నేను అనను, ఎందుకంటే దాన్ని నిజం చేసింది రాజు కాదు. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టి, కరోలినాలో బానిసగా ఉండి, అక్కడినుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రాన్సిస్కో మెనెండెజ్ అనే ఆయన ఉన్నాడు. రాజాజ్ఞ ఉన్నా ఈ ఊళ్ళో ఆయన్ని మళ్ళీ బానిసగానే అమ్మారు. ఏళ్ళ తరబడి అర్జీ మీద అర్జీ పెట్టాడు. చివరికి 1738లో గవర్నర్ మాన్యువెల్ డి మోంటియానో ఆ అర్జీ ఒప్పుకుని, ఆయనకీ తోటివాళ్ళకీ స్వేచ్ఛ ప్రకటించి, కోటకి ఉత్తరాన రెండు మైళ్ళ దూరంలో వాళ్ళకంటూ ఒక ఊరు ఇచ్చాడు. ఫోర్ట్ మోసే అంటారు. ఇప్పటి అమెరికా నేల మీద చట్టం గుర్తించిన మొట్టమొదటి స్వేచ్ఛా నల్లజాతి ఊరు అదే. మెనెండెజ్ దానికి దళపతి. ఆ ఊరు ఎక్కడ పెట్టారో మ్యాప్‌లో చూడండి. ఉత్తరం నుంచి ఇంగ్లిష్ సైన్యం వస్తే ముందు దెబ్బ తగిలేది వాళ్ళకే. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు. 1740లో ఒగిల్‌థోర్ప్ మనుషులు మోసేని పట్టుకుంటే, స్పానిష్ సైనికులు, ఆదివాసులు, మోసే దళం కలిసి ఒక తెల్లవారుజామున విరుచుకుపడి తిరిగి గెలిచారు. ముట్టడి విఫలం కావడానికి అది పెద్ద కారణం. మరుసటి ఏడు మెనెండెజ్ సముద్రంలో ఇంగ్లిష్ వాళ్ళకి చిక్కాడు. రెండు వందల కొరడా దెబ్బలు కొట్టి బహామాస్‌లో బానిసగా అమ్మేశారు. 1759 నాటి మోసే జనాభా లెక్కలో ఆయన పేరు మళ్ళీ కనిపిస్తుంది.

ఇన్ని గుండ్లు తిన్న గోడని ఎవరూ బద్దలు కొట్టలేకపోయారు. కోట మాత్రం ఐదుసార్లు చేతులు మారింది. ఒక్కసారీ యుద్ధంలో కాదు. మొదటిది 1763లో. ఫ్రాన్స్, స్పెయిన్ ఒకవైపు, బ్రిటన్ మరోవైపు నిలిచిన ఏడేళ్ళ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు హవానా పట్టుకున్నారు, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి స్పెయిన్ ఫ్లోరిడా ఇచ్చేసింది. పారిస్‌లో సంతకాలు అయ్యాయి. ఆ ఒప్పందం గురించి చెబుతుంటే అమ్మ ఆపింది: "ఆ యుద్ధంలోనేగా మా బందరు కోట ఇంగ్లిష్ వాళ్ళ చేతికి పోయింది?" అవును. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించిన కల్నల్ ఫోర్డ్, 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నాడు. అదే పారిస్ కాగితం పదకొండో అధికరణంలో మన సంగతీ ఉంది. కోరమాండల్, ఒరిస్సా తీరాల్లో 1749 తర్వాత సంపాదించుకున్న వాటన్నిటినీ ఫ్రాన్స్ వదులుకుంది. సలాబత్ జంగ్ దక్కన్‌కి న్యాయమైన సుబేదారు అని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. సంతకాలు పడే నాటికి సలాబత్ జంగ్‌ని తమ్ముడు నిజాం అలీ గద్దె దింపి బీదర్ కోటలో బంధించి ఉంచాడు. ఆ ఏడే ఆయన అక్కడే చనిపోయాడు. ఇటు సెయింట్ అగస్టీన్‌లో ఊరు ఊరంతా, దాదాపు మూడు వేల మంది, ఓడలెక్కి క్యూబా వెళ్ళిపోయారు. మోసే జనం కూడా ఇళ్ళు వదిలి వెళ్ళారు. బ్రిటిష్ రాజ్యంలో ఉండిపోతే వాళ్ళకి మళ్ళీ సంకెళ్ళే. ఒకప్పుడు వేలల్లో ఉన్న టిముకువాల్లో మిగిలిన కొద్దిమందీ అదే ఓడల్లో పోయారు.

ఆ తర్వాతి మార్పులు త్వరగా చెప్పేస్తాను. 1783 ఒప్పందంతో మళ్ళీ స్పెయిన్‌కి. 1821లో ఒప్పందం మీదే అమెరికాకి. 1861 జనవరిలో, అంతర్యుద్ధానికి ముందు, అమెరికా నుంచి విడిపోతున్న ఫ్లోరిడా రాష్ట్రం దళాలు వచ్చినప్పుడు కోటలో ఒకే ఒక్క సార్జెంట్ కాపలా ఉన్నాడు. రసీదు రాసిస్తేగానీ తాళాలు ఇవ్వనన్నాడు, రాయించుకుని ఇచ్చాడు. 1862లో మళ్ళీ అమెరికా సైన్యం చేతికి, అదీ తుపాకి పేలకుండానే.

అమెరికా చేతికి వచ్చేసరికి ఈ కోటకి శత్రువు లేడు. ఉత్తరాన ఇంగ్లిష్ వాళ్ళు లేరు, వెండి ఓడలు లేవు. బయటివాళ్ళని ఆపాల్సిన పని తీరిపోయిన గోడకి లోపలివాళ్ళని ఆపే పని అప్పజెప్పారు. దాని పేరు ఫోర్ట్ మారియన్‌గా మార్చారు. 1837లో ఫ్లోరిడా ఆదివాసులైన సెమినోల్‌ల నాయకుడు ఓసియోలా చర్చలకని తెల్లజెండా కింద వస్తే, జనరల్ జెసప్ ఆజ్ఞ మీద పట్టుకుని ఇక్కడ పెట్టారు. మాట తప్పారని ఆనాడు అమెరికాలోనే చాలామంది మండిపడ్డారు. ఆయన్ని సౌత్ కరోలినాలో ఇంకో కోటకి మార్చాక, 1838 జనవరిలో అక్కడే కన్నుమూశాడు. ఆయనతో పాటు ఇక్కడ ఖైదులో ఉన్న మరో సెమినోల్ నాయకుడు కోకూచీ మాత్రం 1837 నవంబర్‌లోనే ఒక రాత్రి మరో పందొమ్మిది మందితో కలిసి గోడ దిగి తప్పించుకున్నాడు. ఫిరంగులకి లొంగని గోడని ఆ ఇరవై మంది దాటారు.

1875లో మైదాన ప్రాంతాల నుంచి షయాన్, కయోవా, కమాంచీ, అరపహో జాతులవాళ్ళు డెబ్బై మందికి పైగా వచ్చారు. విచారణ లేదు, తీర్పు లేదు. సముద్రం ఎప్పుడూ చూడని మనుషుల్ని రైలు ఎక్కించి తెచ్చారు. వాళ్ళ మీద అధికారి లెఫ్టినెంట్ రిచర్డ్ ప్రాట్. సంకెళ్ళు తీయించాడు, చదువు చెప్పించాడు, అలాగే జుట్టు కత్తిరించి సైనిక దుస్తులు తొడిగించాడు. చేతికిచ్చిన పద్దు పుస్తకాల్లో వాళ్ళు బొమ్మలు వేశారు: గుర్రాలు, అడవిదున్నల వేట, ప్రేమ ముచ్చట్లు, తమని మోసుకొచ్చిన రైలు, ఈ కోట. హౌలింగ్ వుల్ఫ్, జోటమ్ వేసిన బొమ్మలు ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నాయి. ప్రాట్ ఇక్కడ చేసిన ప్రయోగాన్నే పట్టుకుని 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ స్కూల్ పెట్టాడు. ఆదివాసీ పిల్లల్ని ఇంటికి దూరం చేసి, భాష మాన్పించి, పేర్లు మార్చి పెంచే బడి అది. అలాంటివే తర్వాత దేశమంతా వచ్చాయి. ప్రాట్ దయగలవాడని చెప్పేవాళ్ళున్నారు. సంకెళ్ళు తీయించినవాడు దయగలవాడే కావచ్చు. తల్లిభాషలో మాట్లాడితే శిక్షించే బడిని దయ అనడానికి నాకు నోరు రాదు.

అమ్మకి నేను చెప్పగలిగిన జవాబు ఇంతే. గోడ ఎవరినీ ఎంచుకోలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో, ఆ రోజు వాళ్ళకి ఎవరి అవసరం ఉందో, ఎవరి నేల కావాల్సి వచ్చిందో దాన్నిబట్టి తలుపు తెరుచుకుంది, మూసుకుంది. 1687లో పారిపోయి వచ్చినవాళ్ళు పనికొచ్చారు. 1875లో వచ్చినవాళ్ళ నేల పనికొచ్చింది.

1886లో ఆరిజోనా నుంచి చిరికావా అపాచీలు వచ్చారు, దాదాపు ఐదు వందల మంది. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. అమెరికా సైన్యంతో పోరాడిన వాళ్ళ నాయకుడు జెరోనిమో వీళ్ళతో లేడు, ఆయన్ని పెన్సకోలాలో ఇంకో కోటలో ఉంచి, ఆయన కుటుంబాన్ని ఇక్కడ పెట్టారు. జెరోనిమోని వెతకడానికి అమెరికా సైన్యం దగ్గరే దారి చూపే స్కౌట్లుగా పనిచేసిన అపాచీల్ని కూడా తెచ్చి ఇందులోనే వేశారు. కింద గదుల్లో చెమ్మ, చోటు చాలదు. అందుకని పైన, ఫిరంగులుండే మిద్దె మీద గుడారాలు వేశారు. అక్కడినుంచే వందమందికి పైగా పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి తీసుకుని కార్లైల్ పంపారు.

మేం ప్రతిసారీ ఫోటోలు దిగేది ఆ మిద్దె మీదే. అమ్మ మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరాక, "గుడారాలు ఏ పక్కన వేశారు?" అని అడిగింది. మిద్దె అంతా, అన్నాను. కాసేపు అటూ ఇటూ చూసి, ఫిరంగి పక్కన నిలబడమన్న మా అబ్బాయితో, "ఇక్కడొద్దు నాన్నా, కింద దిగుదాం" అంది.